ఫాదరుగారి టైము

సువర్ణరాజు మాస్టారి ఉద్యోగం పిల్లలకు చదువు చెప్పడం. నూజివీడుకి నాలుగు మైళ్ల దూరంలో, చుట్టూ మామిడి తోటలున్న ఊళ్లో ఎలిమెంటరీ స్కూలుకి హెడ్మాస్టరు ఆయన. కానీ ఆ ఊరికి కావలసింది ఆయన చెప్పే చదువు కాదు, ఆయన రాసే పెళ్లి కాగితం. పెళ్లిరోజు నలుగు ఎన్నింటికి, స్నానం ఎన్నింటికి, బ్యాండు ఎక్కడ నిలబడాలి, మగపెళ్లివారి లారీ ఎక్కడ ఆగాలి, చర్చిలో పూజ ఎప్పుడు మొదలవ్వాలి, మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలి, ఇదంతా తెల్ల ఠావు మీద గీతలు గీసి రాసివ్వాలి. ఇరవై ఏళ్లుగా రాస్తున్నాడు. రాసీ రాసీ విసుగెత్తిపోయాడు. అయినా ఎవరైనా గుమ్మంలోకొచ్చి, "మాస్టారండీ, మా అమ్మాయి పెళ్లండీ," అనగానే కాదనలేడు. మొహమాటం ఆయనకు పుట్టుకతో వచ్చిన రోగం.

రాయడంతో అయిపోతే బాగానే ఉండును. ఆ రోజంతా చేతికి వాచీ పెట్టుకుని పందిట్లో నిలబడి, ఒక్కొక్కణ్ణీ కేకలేసి లేపి, తోసి, బతిమాలి జరిపించాల్సింది కూడా ఆయనే. ఎన్ని పెళ్లిళ్లు చేయించాడో లెక్కలేదు గానీ, ఏ పెళ్లిలోనూ తాళి కట్టడం కళ్లారా చూసింది లేదు. ఆ సమయానికి బయట భోజనాల బల్లలు వేయిస్తూ ఉంటాడు.

మామిడి దేశంలో పెళ్లి చేయించడమంటే మాటలా? ఈస్టరుకి ముందు నలభై రోజులు పెళ్లిళ్లు చెయ్యరు. ఈస్టరు దాటేసరికి కాయ కోతకొస్తుంది. ఇక చూడండి తమాషా. పందిరి వెయ్యాల్సిన వాళ్లు చెట్ల మీద ఉంటారు. పెళ్లివారిని ఎక్కించుకోవాల్సిన లారీ రసాలు ఎక్కించుకుని వెళ్లి ఉంటుంది. క్లారినెట్టు వాయించేవాడు షెడ్డులో గడ్డి పరిచి కాయ సర్దుతూ ఉంటాడు. చొక్కా నిండా సొన మరకలతో పరిగెత్తుకొచ్చి, అదే చొక్కా మీద బ్యాండు కోటు తొడుక్కుంటాడు. టైముకి ఎవడొస్తాడు?

అందుకని మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు. అసలు కాగితం తన జేబులో ఉంటుంది. మిగతా వాళ్లకి చీటీలు. ఒక్కో చీటీలో ఒక్కో టైము. బ్యాండువాళ్లకి, మగపెళ్లివారికి, బంధువులకి ముందుకు జరిపి రాస్తాడు. తొమ్మిదింటి పెళ్లికి ఆరున్నర అని రాస్తే తొమ్మిదికి వస్తారని ఆయన లెక్క. ఒక్క ఫాదరుగారికి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాడు. మే నెలలో ఫాదరుగారికి రోజుకి మూడేసి పెళ్లిళ్లు. ఎనిమిదంటే ఎనిమిదికి బుల్లెట్టు దిగుతారు, తొమ్మిదింబావుకి మళ్లీ ఎక్కుతారు. ఎవరి కోసమూ ఆగరు.

"ఫాదరుగారికి తప్ప నిజం టైము నేనెవరికీ చెప్పను," అని మాస్టారు నవ్వుతూ అందరిముందూ అనేవాడు. అదొక గొప్ప.

మొదట్లో అరగంట జరిపితే సరిపోయేది. తర్వాత గంట అయింది. ఈ మధ్య రెండున్నర గంటలు జరిపితే గానీ పని జరగడం లేదు. జనం పాడైపోతున్నారని ఆయన విసుక్కునేవాడే గానీ, ఏడాదికేడాది ఎందుకు పెంచాల్సి వస్తోందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఈ కథే లేదు.

ఎనభై నాలుగు మే నెలలో ఆయన సొంత కూతురు ఫిలోమినా పెళ్లి కుదిరింది. మగపెళ్లివారిది మైలవరం. పెళ్లి పదహారో తేదీ, బుధవారం.

స్కూలుకి సెలవులు. వరండాలో సగం తోటలవాళ్లు పడేసిన ఎండుగడ్డీ, ఖాళీ బుట్టలూ. మిగిలిన సగంలో కుర్చీ వేసుకుని మాస్టారు కూతురి పెళ్లి కాగితం రాస్తున్నాడు. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. రాస్తున్న చెయ్యి కింద కాగితం చెమటకి తడిసిపోతోంది. యాభై నాలుగేళ్ల వయసు. నిలబడితే కాళ్లకి నీరు పడుతోంది. ఈ ఒక్కటీ అయిపోతే వాచీ పెట్టెలో పడేస్తానని పొద్దున భార్య మగ్దలేనమ్మతో అన్నాడు. "పోయిన పెళ్లికీ అదే అన్నారు," అందావిడ.

ఫిలోమినా మజ్జిగ గ్లాసుతో వచ్చింది. కాగితంలోకి తొంగి చూసింది.

"నాన్నా, నలుగు ఎవరు పెడతారని రాశారు?"

మాస్టారు గ్లాసందుకుని తాగాడు.

"అత్త పెట్టాలి నాన్నా. అత్త చెయ్యి పడకుండా నేను పీట దిగను. ముందే చెబుతున్నా."

ఆడపిల్లకి పెళ్లిరోజు మొదటి నలుగు మేనత్త పెట్టడం వాళ్లింట్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. ఫిలోమినాకి మేనత్త ఒక్కతే, ముసునూరులో ఉన్న ఇన్నమ్మ. ఆ ఇన్నమ్మ తమ్ముడి గడప తొక్కి నాలుగేళ్లయింది.

ఇన్నమ్మంటే మాస్టారికి అక్క అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఆయనకి ఆరేళ్లప్పుడు తల్లి పోతే, పదహారేళ్ల ఇన్నమ్మే పెంచింది. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, రోగుల బట్టలుతికి, తమ్ముణ్ణి ట్రైనింగు చదివించింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఏనాడూ గంట కొట్టాక డ్యూటీకి వెళ్లి ఎరగదు. ఆరంటే ఆరు ఆవిడకి. అలాంటి మనిషికి, నాలుగేళ్ల కిందట పెద్దకొడుకు పెళ్లప్పుడు, మాస్టారు చీటీ రాశాడు. నలభై చీటీలు ఒక్క బిగిన రాస్తూ, బంధువుల కట్టలో పడేసి, అందరికీ రాసినట్టే ఆవిడకీ ఆరున్నర అని రాశాడు. అసలు పని తొమ్మిదికి.

ఇన్నమ్మ ఆరుంబావుకే దిగింది. పందిట్లో నరపురుగు లేదు. ఇంట్లో వాళ్లు ఇంకా మొహాలు కడుక్కోలేదు. బియ్యం బస్తా మీద కూర్చుంది. కొత్త వంటవాళ్లకి ఆవిడెవరో తెలియదు. "ఊరికే కూర్చున్నారు గదమ్మా, ఈ ఉల్లిపాయలు కాస్త ఒలిచిపెట్టండి," అని ఒకడు గోతాం తెచ్చి ముందు పడేశాడు. ఇన్నమ్మ ఒలిచింది. గోతాం పూర్తయ్యేసరికి రెండో గోతాం తెచ్చాడు. అదీ ఒలిచింది. లోపల పెళ్లికొడుక్కి నలుగు ఎవరో పెట్టేశారు. ఫోటోలు తీసేశారు. మాస్టారు గేటు దగ్గర బ్యాండువాళ్లతో గొంతు చించుకుంటున్నాడు. అక్క ఏమైందని అడగడానికి ఆయనకి తీరిక లేదు.

చివరికి ఇన్నమ్మే గేటు దగ్గరికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలకో, మరి దేనికో.

"ఫాదరుగారికొక్కరికేనట్రా నువ్వు నిజం చెప్పేది? నిన్ను పెంచినదాన్ని, నేను కూడా బంధువుల్లోకే వచ్చానా?" అంది. అన్నం తినకుండా బస్సెక్కేసింది. మాస్టారు వెనకాల పరిగెత్తాల్సింది. పరిగెత్తలేదు. రెండో బంతి మొదలవుతోంది మరి! ఆ తర్వాత రెండుసార్లు ముసునూరు వెళ్లి, సందు మొదట్లో నిలబడి, మొహం చెల్లక తిరిగొచ్చాడు. ఆ బరువు నాలుగేళ్లుగా మోస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు కూతురి కాగితం నాలుగుసార్లు చింపి రాశాడు. ముసునూరు నుంచి ఫస్టు బస్సు ఆరింటికి వస్తుంది. అక్క నడిచి ఇంటికి రావడానికి పావుగంట. కాసిని మంచినీళ్లు తాగి కూర్చోవాలి. కాబట్టి నలుగు ఆరున్నరకు. స్నానం ఏడుంబావుకి. పూజ ఎనిమిదికి. పెళ్లిరోజంతా ఆ ఒక్క బస్సు చుట్టూ కట్టాడు. బ్యాండూ, మగపెళ్లివారూ, చుట్టపక్కాలూ, అందరి చీటీల్లోనూ మామూలుగానే రెండున్నర గంటలు జరిపాడు. అక్క చీటీలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఫాదరుగారి చీటీ, అక్క చీటీ రెండూ ఒకే కలంతో, ఒకే ఠావు చింపి రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. నోటితో అడగలేని క్షమాపణ అలా అడుగుతున్నాననుకున్నాడు, పిచ్చి మాస్టారు.

చర్చిలో వరసగా మూడు ఆదివారాలు పెళ్లి చాటింపు వేస్తారు. రెండో చాటింపు అయిన రోజున, ఒక బుట్ట చిన్నరసాలు పట్టుకుని మాస్టారు ముసునూరు బస్సెక్కాడు. ఈసారి సందు మొదట్లో ఆగలేదు.

ఇన్నమ్మ అరుగు మీద కూర్చుని ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. తమ్ముణ్ణి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మాస్టారు బుట్ట పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని, తనూ ఒక గుడ్డముక్క తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఇద్దరూ అలా తుడుచుకుంటూ కూర్చున్నారు.

"జీడి కూడా తియ్యి. ఊరికే తుడిస్తే సరా?" అంది ఇన్నమ్మ.

నాలుగేళ్లకి అదే మొదటి మాట. మాస్టారు ముక్కకున్న జీడి గీకి తీశాడు.

"ఫిలో పెళ్లి అక్కా. పదహారో తారీకు."

"తెలుసు. ఊరంతా తెలుసు."

"నలుగు నువ్వే పెట్టాలంట. నువ్వు రాకపోతే పీట దిగదంట," అంటూ చీటీ తీసిచ్చాడు.

ఇన్నమ్మ చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, రెండుసార్లు చదివింది.

"ఆరున్నరా?"

"ఆరున్నరే అక్కా."

ఇదిగో, ఇక్కడ చెప్పాలి. 'నీకూ ఫాదరుగారికీ ఒక్కటే రాశానక్కా, ఇది నిజం టైము' అని ఒక్క ముక్క. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాటంటే అప్పటిది అబద్ధమని ఒప్పుకోవాలి. ఉల్లిపాయల సంగతి బయటికొస్తుంది. అక్క ఏడుస్తుందేమో, తను ఏడుస్తాడేమో. ఎందుకొచ్చిన గొడవ, అక్క ఎలాగూ రాసిన టైముకే వచ్చే మనిషి కదా అని సర్దుకున్నాడు. ఊళ్లోవాళ్లందరికీ గంటలూ నిమిషాలూ చెప్పే ఈ మహానుభావుడికి సొంత అక్కతో ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదు!

"వస్తాలే," అంది ఇన్నమ్మ, చీటీ మడిచి ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంటూ. "ఈసారి సరిగ్గా టైముకే వస్తాను. నలుగుపిండి కూడా నేనే విసిరి తెస్తాను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాస్టారు నిద్రపోయాడు. అంత నిద్ర ఆయనకి పట్టి చాలా కాలమైంది.

పదహారో తేదీ పొద్దున ఆరింటికి మాస్టారు గొడుగు పట్టుకుని బస్సు ఆగే చోట నిలబడ్డాడు. ఫస్టు బస్సు వచ్చింది. అరటి గెలలు దిగాయి, ఇద్దరు కోతవాళ్లు దిగారు. ఇన్నమ్మ దిగలేదు. కండక్టరు రైట్ అన్నాక కూడా బస్సు పక్కనే నాలుగడుగులు నడిచి, ఒక్కో కిటికీలోకీ చూశాడు.

ఇంటికొచ్చేసరికి ఫిలోమినా జుట్టు విప్పుకుని పీట మీద కూర్చుని ఉంది.

"ఇంకో బస్సు చూద్దాం నాన్నా. ఏడింటికి ఉంది కదా."

ఏడింటి బస్సులోనూ లేదు. ఈలోగా బ్యాండువాళ్లు వచ్చేశారు. చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఏడుంబావుకి, మామిడికాయ తోలే గంగరాజు లారీ మగపెళ్లివారిని తెచ్చి దింపింది. ముందు రోజు కాయ దించొచ్చి, లారీ కడిగి తెచ్చాడు పాపం, అయినా పెళ్లికొడుకు తల్లి కొప్పులో గడ్డిపరక ఒకటి అలాగే ఉంది. మాస్టారి ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ పెళ్లికీ జనం ఇంత సరిగ్గా టైముకి దిగలేదు. అబద్ధం రాసిన వాళ్లందరూ వచ్చేశారు. నిజం రాసిన మనిషి రాలేదు.

"ఏవండీ," అంది మగ్దలేనమ్మ, మెల్లిగా పక్కకొచ్చి. "ఫాదరుగారికి పదిన్నరకి ఇంకో ఊళ్లో పెళ్లి. మన కోసం ఆగుతారా?"

ఆగరని ఆయనకి తెలియదూ? ఆ సంగతి ఊరందరికీ చెప్పింది ఆయనే. నలుగుగిన్నె భార్య చేతికిచ్చి, "నువ్వే పెట్టెయ్యి," అన్నాడు. ఫిలోమినా పీట దిగనని అనలేదు. తలవంచుకుని పెట్టించుకుంది. కన్నీళ్లు నలుగుపిండిలో పడుతుంటే మగ్దలేనమ్మ కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. అది చూస్తూ నిలబడలేక మాస్టారు బయటికొచ్చేశాడు. అక్క మనసు కరగలేదన్నమాట. వస్తానని చెప్పి, రాకుండా, ఉల్లిపాయలకి బదులు తీర్చుకుంది. కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. రెంటికీ ఓపిక లేదు.

ఎనిమిదికి బుల్లెట్టు చప్పుడు వినిపించింది. పూజ మొదలైంది. జీవితంలో మొదటిసారి మాస్టారు ఒక పెళ్లిలో ముందు బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చుని ఏం లాభం? తలుపు కిర్రుమన్నప్పుడల్లా వెనక్కి తిరిగాడు. సొంత కూతురి మెడలో తాళి పడేటప్పుడు కూడా ఆయన వెనక్కే చూస్తున్నాడు. అదీ చూడలేదు.

తొమ్మిదింబావుకి ఫాదరుగారు బుల్లెట్టెక్కి వెళ్లిపోయారు. దండలతో పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చర్చి మెట్లు దిగుతున్నారు. బ్యాండు మోగుతోంది. అదిగో, అప్పుడు, మాస్టారి ఇంటివైపు నుంచి ఇన్నమ్మ వచ్చింది. గంజిపెట్టిన చీర, చేతిలో గొడుగు, ఇంకో చేతిలో గుడ్డ కట్టిన ఇత్తడి గిన్నె. తొందర లేకుండా, తల ఎత్తుకుని నడిచొస్తోంది. మెట్ల దగ్గరికొచ్చి దండలు చూసింది. ఆగిపోయింది.

"ఏరా రాజూ, ఇంట్లో ఒక్కరూ లేరు. అందరూ ఇటొచ్చారని పక్కింట్లో అన్నారు. అప్పుడే... అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయిందక్కా."

"అదేంట్రా? ఆరున్నర అని రాశావు గదా. నీ చీటీకి రెండున్నర కలుపుకోవాలని మా ఊళ్లో అందరూ చెప్పారు. 'మీ మాస్టారి లెక్క మాకు తెలుసమ్మా, మేమెప్పుడూ అలాగే కలుపుకుని వెళతాం' అన్నారు. ఆరున్నర, రెండున్నర, తొమ్మిది. తొమ్మిదికే దిగానురా నేను. ఈసారి సరిగ్గా వచ్చాను!"

మాస్టారు అక్క మొహంలోకి చూస్తూ నిలబడిపోయాడు. ఆయన జరిపే కొద్దీ వాళ్లు కలుపుకుంటున్నారు. వాళ్లు కలుపుకునే కొద్దీ ఆయన జరుపుతున్నాడు. ఇరవై ఏళ్లు ఆయనొక్కడికే తెలియదు. చెమట కాలరులోకి కారుతోంది. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఫాదరుగారికి ఎన్నింటికని రాశావు?" అని అడిగింది ఇన్నమ్మ.

"పూజ ఎనిమిదికని."

"నాకు?"

"నీకూ ఎనిమిదికే అక్కా. ఆరున్నరకు నలుగు, ఎనిమిదికి పూజ. ఫాదరుగారికి రాసిందే నీకూ రాశాను. ఇంకెవరికీ రాయలేదు."

ఇన్నమ్మ గొడుగు మూసింది. ఉన్నచోటే, చర్చి మెట్టు మీద కూలబడిపోయింది.

"నోటితో చెప్పొచ్చు గదరా," అంది. "అరుగు మీద అంతసేపు కూర్చున్నావు. ముక్కలన్నీ తుడిచావు. ఒక్క మాట చెప్పొచ్చు గదరా తమ్ముడూ. రాత్రంతా విసిరానురా ఈ పిండి."

"నోరు రాలేదక్కా," అన్నాడు మాస్టారు.

ఫిలోమినా పెళ్లికొడుకు చెయ్యి వదిలి వచ్చింది. తెల్లచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, అత్త పక్కన మెట్టు మీద కూర్చుని, దండ పక్కకి జరిపి, కాళ్లు అత్తవైపు చాపింది.

"పెట్టత్తా."

"పెళ్లయిపోయిందే తల్లీ. చీరకి పసుపంటుతుంది."

"అంటనీ. పెట్టు."

ఇన్నమ్మ గిన్నె గుడ్డ విప్పింది. మేనకోడలి పాదం ఒళ్లో పెట్టుకుని నలుగు రాయడం మొదలుపెట్టింది, మడమ దగ్గర్నుంచి, నెమ్మదిగా. బ్యాండువాళ్లు ఏం చెయ్యాలో తెలియక వాయించడం ఆపేశారు.

రోడ్డు మీద లారీ హారన్ మోగింది. గంగరాజు కిందికి దిగి గబగబా వచ్చాడు.

"మాస్టారండీ, పదకొండుకి తోటలో లోడింగుందండి. కోసిన కాయ ఎండలో ఉందండి. భోజనాలు ఎన్నింటికి, మేం ఎన్నింటికి బయల్దేరాలి? మీ కాగితంలో ఎంతని ఉంది?"

మాస్టారి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది. కాగితం తగిలింది. తియ్యకుండానే చెయ్యి బయటికి తీసేశాడు.

"తెలీదు గంగరాజుగారూ," అన్నాడు. వెళ్లి అక్క పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.